సూళ్లూరుపేట కేంద్రంగా పులికాట్ సరస్సు: నీళ్లను చూసి ప్లాన్ వేసుకునే సమగ్ర మార్గదర్శి

సూళ్లూరుపేటకు బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రెండు పనుల మీద వస్తారు. ఒకటి చెంగాళమ్మ దర్శనం, రెండోది రాకెట్ ప్రయోగం. రెండూ చూడాల్సినవే. కానీ ఊరు దాటగానే రోడ్డుకు రెండు పక్కలా కనుచూపు మేర పరుచుకున్న పులికాట్ సరస్సును కారు అద్దంలోంచి ఒక్కసారి చూసి వెళ్లిపోతుంటారు. అది చూస్తే నాకు బాధేస్తుంది. ఆ నీళ్ల కోసమే రెండు మూడు రోజులు పెట్టుకుని రావచ్చు, రావాలి కూడా.

చిలికా తర్వాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం మన తిరుపతి జిల్లాలో ఉంది, దక్షిణపు కొస తమిళనాడులో. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య గోడలా శ్రీహరికోట దీవి ఉంది. పడమటి నుంచి కాళంగి, స్వర్ణముఖి, దక్షిణాన ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి. ముఖద్వారాల గుండా సముద్రపు పోటు ఉప్పునీళ్లు తెస్తుంది. ఈ రెండూ లోతు తక్కువగా ఉన్న పళ్లెం లాంటి చోట కలవడం వల్లే ఇక్కడ ఇన్ని రొయ్యలు, ఇన్ని చేపలు, ఇంత నాచు. వాటి కోసమే ఇన్ని పక్షులు.

ఇక్కడ తిరగడానికి ఒకే ఒక సూత్రం ఉంది. 'చూడదగ్గ ప్రదేశాలు' అని లిస్టు రాసుకుని ఒకదాని తర్వాత ఒకటి టిక్కు పెట్టుకుంటూ పోతే సగం రోజులు ఖాళీ బురద చూసి తిరిగొస్తారు. నీళ్లు ఎక్కడ ఎంత లోతున ఉన్నాయో ముందు చూసుకోవాలి. పక్షులు ఎక్కడుంటాయి, పడవ ఎక్కడ నడుస్తుంది, ఎక్కడ దిగకూడదు అన్నవన్నీ దాన్ని బట్టే తేలతాయి.

మొదటి అడుగు: నెల ఎంచుకోవడం

ఈ ప్రాంతానికి ఎక్కువ వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సరస్సూ చుట్టుపక్కల చెరువులూ నిండేది అప్పుడే. వేసవి వచ్చేసరికి ఉత్తర భాగంలో నీళ్లు వెనక్కి తగ్గి, చాలా దూరం తెల్లటి ఉప్పు పేరుకున్న సవుడు నేల బయటపడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వచ్చి 'సరస్సేది?' అని అడిగేవాళ్లను చూస్తుంటాం.

నవంబరులో వస్తే నీళ్లు నిండుగా ఉంటాయి. దగ్గర్లోని పక్షుల అభయారణ్యం నేలపట్టులో గూళ్లు కట్టే హడావుడి కనిపిస్తుంది. కానీ తుపాన్లు పట్టే నెల కూడా అదే, కాబట్టి వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోకుండా బయల్దేరొద్దు. సరస్సు అంచుల్లో నీళ్లు మరీ లోతుగా ఉంటే ఫ్లెమింగోలు, అదే పొడవు కాళ్ల గులాబీ పక్షులు, రోడ్డుకు దూరంగా, పలచటి నీళ్లున్న చోటికి వెళ్లిపోతాయి. జనవరి, ఫిబ్రవరిల్లో నీళ్లు మెల్లగా తగ్గుతూ మోకాలి లోతుకు వస్తాయి. అప్పుడు ఫ్లెమింగోలు దగ్గరగా మేస్తాయి, గూళ్లలో పిల్లలు పెద్దవై కనిపిస్తాయి, ఎండా పెద్దగా ఉండదు. ఒక్కసారే రాగలిగితే జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా ఎప్పుడైనా రండి.

2001 నుంచి సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరుపుతున్నారు. ఎక్కువగా జనవరిలోనే పెడతారు. పిల్లలతో వచ్చేవాళ్లకు స్టాళ్లు, ఆటలు, సాంస్కృతిక కార్యక్రమాలు బాగుంటాయి. పక్షుల్ని తీరిగ్గా చూడాలనుకుంటే మాత్రం ఆ రోజులు వదిలేసి, ఆ తర్వాతి వారం మధ్యలో ఏదో ఒక రోజు పెట్టుకోండి.

రెండో అడుగు: మకాం

మకాం సూళ్లూరుపేటలోనే పెట్టుకోండి. చెన్నై, గూడూరు మధ్య రైలు మార్గంలో ఉన్న స్టేషన్ ఇది. చెన్నై నుంచి లోకల్ రైళ్లు ఇక్కడిదాకా వస్తాయి. జాతీయ రహదారి 16 పక్కనే పోతుంది. ఉత్తరాన దొరవారిసత్రం వైపు నేలపట్టు, తూర్పున శ్రీహరికోట రోడ్డు, దక్షిణాన తడ దగ్గర పడవల రేవు. మూడూ ఇక్కడి నుంచి పొద్దున్నే వెళ్లగలిగే దూరంలోనే ఉన్నాయి. పెద్ద రిసార్టుల కోసం వెతకొద్దు, ఇది చిన్న పట్నం. శుభ్రమైన లాడ్జి దొరికితే చాలు. ప్రయోగం ఉన్న రోజుల్లో, ఫెస్టివల్ రోజుల్లో గదులు దొరకవు కాబట్టి ఆ తేదీలు ముందే చూసుకోండి.

సొంత కారు లేదా బైకు లేనివాళ్లు ఒక ఆటోను పూటకు మాట్లాడుకోవడం మేలు. తెల్లవారుజామున కావాలని ముందురోజు సాయంత్రమే చెప్పి ఉంచాలి. రేటు, ఎక్కడెక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి అన్నవి మాట్లాడుకోండి. 'ఊరికే చూసి వచ్చేద్దాం' అని ఎక్కితే పక్షి కనబడిన చోట ఆగడానికి డ్రైవరుకు టైమ్ ఉండదు.

మూడో అడుగు: సంచిలో ఏముండాలి

బైనాక్యులర్స్ లేకుండా రావొద్దు. దీని మీద మాత్రం రాజీ వద్దు. 8×42 అని రాసి ఉన్నవి సరిపోతాయి. ఎనిమిదింతలు దగ్గరగా చూపిస్తాయి, 42 మిల్లీమీటర్ల అద్దం వల్ల తెల్లవారుజామున మసక వెలుతురులోనూ బొమ్మ స్పష్టంగా ఉంటుంది. పదింతలు చూపించేవి చేతిలో ఎక్కువ వణుకుతాయి, కొత్తవాళ్లకు అలవాటు కాదు. టోపీ, నీళ్లు, మట్టిరంగు లేదా ఆకుపచ్చ బట్టలు, తడిసినా పర్వాలేదనిపించే బూట్లు పెట్టుకోండి. మెరిసే తెలుపు, ఎరుపు చొక్కాలు వద్దు. డ్రోన్ ఇంట్లోనే వదిలి రండి. ఒక పక్క పక్షుల అభయారణ్యం, ఇంకో పక్క అంతరిక్ష కేంద్రం, ఎగరేస్తే కేసే.

నాలుగో అడుగు: నేలపట్టు, పొద్దుపొడుపుతో

పులికాట్ వంటిల్లయితే నేలపట్టు పురిటిల్లు. ఈ ఒక్క మాట గుర్తుంటే ఈ రెండు చోట్లకూ ఉన్న సంబంధం అర్థమైపోతుంది. పక్షులు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచేది నేలపట్టు చెరువులో, మేత కోసం పోయేది పులికాట్‌కు. అందుకే పొద్దున పెద్ద పక్షులు నేలపట్టు మీంచి సరస్సు వైపు పోతూ, గొంతు నింపుకుని తిరిగొస్తూ కనిపిస్తాయి.

1976లో దీన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 458 హెక్టార్ల పైచిలుకు, అంటే పెద్దదేం కాదు. అయినా మచ్చల ముక్కు గూడబాతులు, అదే పెలికాన్లు, ఇంత పెద్ద గుంపులుగా గూళ్లు కట్టే చోట్లు దక్షిణాదిలో కొన్నే ఉన్నాయి. చెరువు నీళ్లలో నిలబడి పెరిగే కడప అనే జాతి చెట్ల మీద గూళ్లు ఉంటాయి. చెట్టు కింద నీళ్లుంటే పిల్లులు, నక్కలు, మనుషులు దగ్గరికి పోలేరు. అందుకే చెరువు నిండని ఏడాది పక్షులు కూడా తక్కువ వస్తాయి. ఇక్కడా లెక్క నీళ్లదే.

డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ ఆరున్నరకు కాస్త అటూ ఇటుగా తెల్లవారుతుంది. గేటు తెరిచే టైమ్ ముందురోజే కనుక్కుని, తెరవగానే లోపల ఉండేలా బయల్దేరండి. నేరుగా వాచ్‌టవర్ ఎక్కేయొద్దు. ముందు కట్ట మీద మెల్లగా నడుస్తూ చెవులు అలవాటు చేసుకోండి. పెద్ద పెలికాన్లు దాదాపు మౌనంగా ఉంటాయి. గోలంతా పిల్లలదే.

తర్వాత ఒకే ఒక గూడు ఎంచుకుని దాని మీద బైనాక్యులర్స్ నిలపండి. అన్ని గూళ్లూ చూడాలన్న ఆత్రం వద్దు. కాసేపటికి తల్లో తండ్రో వచ్చి వాలుతుంది. ఆ బరువుకు కొమ్మ కిందికి వంగి మళ్లీ లేస్తుంది. పిల్ల రెక్కలు కొట్టుకుంటూ, తల ఊపుతూ మీదికి ఎగబాకుతుంది. పెద్దది నోరు తెరవగానే పిల్ల తన తలను, ఒక్కోసారి మెడ దాకా, ఆ గొంతు సంచిలోకి దూర్చేస్తుంది. లోపల సగం అరిగిన చేపలు ఉంటాయి. మొదటిసారి చూసేవాళ్లకు పిల్లను మింగేస్తోందేమో అని భయమేస్తుంది కానీ, అది అన్నం తినడం. గుడ్డు పొదగడానికి దాదాపు నెల పడుతుంది. పిల్ల సొంతంగా ఎగరడానికి ఆ పైన మరో మూడు నెలలకు పైనే కావాలి. అన్నాళ్లూ ఇద్దరూ పులికాట్‌కు వెళ్లి రావాల్సిందే.

పెలికాన్లతో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగలు కనిపిస్తాయి. నత్తగుల్ల కొంగ ముక్కును జాగ్రత్తగా చూడండి. రెండు దవడలూ మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తల్ని పట్టి, పెంకులోంచి మాంసం లాగడానికి పనికొచ్చే ముక్కు అది. నీళ్ల మీద సూదితోక బాతుల్లాంటి వలస బాతులు ఉంటాయి, చలికాలానికి మధ్య ఆసియా, సైబీరియా వైపు నుంచి దిగినవి.

నేలపట్టు ఊరివాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. అభయారణ్యం అనే బోర్డు రాకముందు నుంచీ ఆ ఊరు ఈ పక్షుల్ని కాపాడుకుంటోంది. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువుగా పారతాయి. వాళ్లకూ పక్షులకూ ఉన్న అనుబంధం అలాంటిది. అక్కడ పెద్ద గొంతుతో మాట్లాడటం, స్పీకర్లో పాటలు పెట్టడం చేస్తే పక్షులకు మాత్రమే కాదు, ఆ ఊరికీ అమర్యాద.

తొమ్మిది దాటాక వెలుతురు కరుకవుతుంది, బస్సుల్లో జనం దిగుతారు. అప్పటికి బయటపడండి.

ఐదో అడుగు: శ్రీహరికోట రోడ్డు, ఫ్లెమింగోల కోసం

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును అడ్డంగా కోసుకుంటూ సాగుతుంది. పడవ ఎక్కకుండా, కాలు తడవకుండా సరస్సు మధ్యలోకి వెళ్లగలిగే అవకాశం ఇది. అటకానితిప్ప దగ్గర ఆగి చుట్టూ చూడొచ్చు. శ్రీహరికోట చెక్‌పోస్టు దాటి లోపలికి మాత్రం పాస్ లేనివాళ్లకు ప్రవేశం లేదు.

ముందు దిక్కులు చూసుకోండి. రోడ్డు పడమర నుంచి తూర్పుకు పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి తిరుగుతాడు. కాబట్టి పొద్దునైనా సాయంత్రమైనా రోడ్డుకు ఉత్తరం వైపున్న నీళ్లలోని పక్షుల మీద వెలుతురు నేరుగా పడుతుంది, ఎండ మన వీపు వెనక ఉంటుంది. దక్షిణం వైపు చూస్తే పక్షులు నల్లటి నీడల్లా కనిపిస్తాయి. ఈ చిన్న సంగతి తెలియక చాలామంది 'గులాబీ రంగేదీ?' అని నిరాశపడతారు. పొద్దున శ్రీహరికోట వైపు పోయేటప్పుడు ఎండ కళ్లలోనే కొడుతుంది. అందుకని ముందు కొంతదూరం పోయి, తిరిగొచ్చేటప్పుడు ఆగుతూ చూసుకోండి. నన్నడిగితే సాయంత్రం నాలుగు నుంచి పొద్దుగుంకే దాకా ఉన్న సమయమే ఈ రోడ్డుకు మంచిది.

ఫ్లెమింగోను వెతకాలంటే నీళ్లనే వెతకాలి. దాని కాళ్లు పొడవు. పెద్ద ఫ్లెమింగో నిలబడితే నాలుగైదు అడుగులుంటుంది. కానీ అది మేసేది తల తలకిందులుగా నీళ్లలో పెట్టి. ముక్కు పైభాగం కిందికి, కిందిభాగం పైకి వస్తుంది. నాలుకతో పంపు కొట్టినట్టు నీళ్లు లాగి, ముక్కు అంచుల్లో ఉన్న సన్నటి పళ్ల వరసల గుండా బయటికి వదులుతుంది. నీళ్లు పోతాయి, చిన్న చిన్న రొయ్య జాతి జీవులు, నాచు లోపల మిగిలిపోతాయి. ఒంటి మీద గులాబీ రంగు వచ్చేది ఆ తిండిలోని రంగు పదార్థాల వల్లే. ఈ పద్ధతికి పలచటి నీళ్లు కావాలి. రోడ్డు మీద నిలబడి చూస్తే నీళ్ల రంగు ఒక్కలా ఉండదు. ముదురు రంగుంటే లోతు, మట్టిరంగు తేలితే పలచన. ఆ మట్టిరంగు పట్టీల వెంట బైనాక్యులర్స్ నడిపించండి. దూరాన తెల్లటి గీతలా కనబడేది చాలాసార్లు అలల నురగ కాదు, వరసగా నిలబడ్డ ఫ్లెమింగోలు.

ఎర్ర రెక్కలు విప్పారేది ఎగిరినప్పుడే. మడిచినప్పుడు పక్షి దాదాపు తెల్లగానే ఉంటుంది. ఆ ఎరుపును ఫొటో తీయాలని కొందరు హారన్లు కొట్టి, చప్పట్లు కొట్టి, ఒక్కోసారి రాళ్లు విసిరి గుంపును లేపుతారు. దయచేసి అలా చేయకండి, చేసేవాళ్లని చూస్తే ఆపండి. గుంపు ఎగిరిన ప్రతిసారీ మేత ఆగిపోతుంది, తిన్నదాంట్లో శక్తి వృథా అవుతుంది. మళ్లీ మళ్లీ జరిగితే ఆ వైపు నీళ్లే వదిలేసి పోతాయి. ఓపిగ్గా కూర్చుంటే అవి తమంతట తామే ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు మారతాయి. సాయంత్రం పూట అలాంటి ఎగురుళ్లు తప్పకుండా ఒకటి రెండు దొరుకుతాయి.

కారులో వచ్చినవాళ్లకు ఒక చిట్కా. వాహనం ఆపి, ఇంజిన్ కట్టేసి, దిగకుండా అద్దం దించి చూడండి. పక్షులు కారుకు అంతగా బెదరవు, కారులోంచి దిగే మనిషికి బెదురుతాయి. అయితే ఇది షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) ఉద్యోగుల బస్సులు, లారీలు వేగంగా తిరిగే రోడ్డు. మలుపుల్లో, వంతెనల మీద ఆపొద్దు, రోడ్డు అంచు వెడల్పుగా ఉన్న చోటే ఆపండి.

ఇంకో హెచ్చరిక. నీళ్లు మోకాలి లోతే కదా అని సెల్ఫీ కోసం దిగొద్దు. అడుగున అడుసు మెత్తగా ఉంటుంది, కాలు పిక్క దాకా దిగబడుతుంది, లాగుతుంటే ఇంకో కాలు దిగుతుంది. గుల్లల పెంకులు బ్లేడుల్లా కోస్తాయి.

ఆరో అడుగు: పడవ

తడ దగ్గర భీమునివారిపాళెం రేవు నుంచి సరస్సులోకి పడవలు పోతాయి. పొద్దున్నే వెళ్లండి. ఎండ ఎక్కాక సముద్రం మీంచి గాలి లేస్తుంది, మధ్యాహ్నానికి నీళ్లు అలలు కడతాయి. ఇంత పలచటి సరస్సులో కొద్ది గాలికే అలలు గట్టిగా లేస్తాయి, చిన్న పడవలకు అది కష్టం. లైఫ్ జాకెట్ ఇస్తే వేసుకోవడం మాత్రమే కాదు, బకిల్స్ అన్నీ బిగించుకోండి. ఇవ్వకపోతే ఎక్కకండి. పడవలో జనం ఎక్కువైనట్టు అనిపిస్తే మొహమాటం లేకుండా దిగిపోయి తర్వాతి దానికి ఆగండి.

కాస్త టైమున్నవాళ్లు ఇరకం దీవికి వెళ్లి రండి. చుట్టూ నీళ్లు, మధ్యలో ఊరు. బడికైనా ఆస్పత్రికైనా గట్టుకు రావాలంటే పడవే దిక్కు. అక్కడ 'టూరిస్ట్ పాయింట్' అనేదేమీ లేదు, ఉండాల్సిన పనీ లేదు. ఆరబెట్టిన వలలు, చెట్ల నీడలు, ఇసుక దారులు ఉంటాయి. ఇళ్ల ముందు ఫొటో తీసేముందు 'తీసుకోవచ్చా అక్కా, అన్నా' అని అడగండి. తిరుగు పడవ ఎప్పుడో దిగేటప్పుడే ఖాయం చేసుకోండి. తాగే నీళ్లు మీవి మీరే తీసుకెళ్లండి, ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చుకోండి.

దారిలో పాతిన కర్రల వరసలు, కట్టిన వలలు కనిపిస్తాయి. అవి ఎవరివో ఒకరి ఆ పూట సంపాదన. వాటి మీదుగా పోనివ్వమని పడవ నడిపే అతన్ని తొందరపెట్టొద్దు. సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతుంటే చేప రాక తగ్గుతోందని ఇక్కడి జాలర్లు చాలా ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఆ ముఖద్వారాల్లో ఒకటైన రాయదొరువు పేరు ఎత్తి చూడండి, ఏ జాలరి అయినా మీకు సరస్సు చరిత్ర మొత్తం చెబుతాడు. ఆ మాటలు వినడం కూడా ఈ ప్రయాణంలో భాగమే.

ఏడో అడుగు: ప్రయోగం రోజు కలిసొస్తే

శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ 1971 అక్టోబరులో ఎగిరింది. 2019 నుంచి సామాన్య జనం ప్రయోగాలు చూడటానికి అక్కడ గ్యాలరీ ఉంది. ఆన్‌లైన్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు తప్పనిసరి. సీట్లు తొందరగా అయిపోతాయి. దొరక్కపోయినా పర్వాలేదు, సరస్సు గట్టు నుంచి ఆకాశం అంతా తెరిచే ఉంటుంది. ముందు వెలుగు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. కిలోమీటరుకు దాదాపు మూడు సెకన్ల లెక్కన ఆలస్యమవుతుంది కాబట్టి, వెలుగు కనబడగానే అంకెలు లెక్కపెట్టమని పిల్లలకు చెప్పండి. ఆ రోజు శ్రీహరికోట రోడ్డు మీద పక్షుల ప్లాన్ పెట్టుకోవద్దు. రోడ్డు మీద ఆంక్షలుంటాయి, ట్రాఫిక్ ఉంటుంది. నేలపట్టు వైపు వెళ్లడం నయం.

ఎనిమిదో అడుగు: కొండ వైపు ఒక పూట

ఉప్పుగాలి చాలనిపిస్తే తడ నుంచి వరదయ్యపాళెం మీదుగా ఉబ్బలమడుగు జలపాతానికి వెళ్లొచ్చు. చెన్నై కుర్రాళ్లు తడ ఫాల్స్ అంటారు. అడవిలో, వాగు వెంట, రాళ్ల మీద నడక. అటవీశాఖ చెక్‌పోస్టులో ఎంతవరకు వెళ్లనిస్తారో అంతవరకే వెళ్లండి. భారీ వానల తర్వాత మూసేస్తారు, మూశారంటే కారణం ఉంటుంది. మడుగులు పైకి ప్రశాంతంగా ఉన్నా లోతు ఒక్కసారిగా దిగిపోతుంది, నాచు పట్టిన బండ మీద కాలు నిలవదు. ఈత వచ్చినవాళ్లు కూడా ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. పైనుంచి దూకొద్దు, మందు తాగి నీళ్లలోకి దిగొద్దు. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికల్లా తిరుగు ముఖం పట్టండి.

రోజుల లెక్క

ఒక్క రోజే ఉంటే పొద్దున నేలపట్టు, సాయంత్రం శ్రీహరికోట రోడ్డు. మధ్యాహ్నం సూళ్లూరుపేటలో చేపల పులుసు తిని నిద్రపోండి, ఆ ఎండలో పక్షులూ అదే చేస్తాయి. నిద్ర లేచి, కాళంగి గట్టున ఉన్న చెంగాళమ్మ గుడికి వెళ్లి రండి. ఆ గుడి తలుపులు రాత్రీ పగలూ మూయరు కాబట్టి ఏ వేళ వెళ్లినా దర్శనమవుతుంది. రెండో రోజుంటే పొద్దున పడవ, సాయంత్రం మళ్లీ అదే రోడ్డు. ఒకసారి చూశాం కదా అనుకోవద్దు, నీళ్లూ గాలీ మారితే పక్షుల చోటు మారుతుంది, రెండోసారి చూసినప్పుడే తేడాలు తెలుస్తాయి. మూడో రోజు ఉబ్బలమడుగు.

నాలుగో రోజు కూడా ఉంటే దక్షిణపు కొస చూసి రండి. రహదారి మీద గుమ్మిడిపూండి దాటి, పొన్నేరి మీదుగా తమిళనాడు వైపున్న పళవేర్కాడుకు రోడ్డు ఉంది. డచ్చివాళ్లు 1613లో కట్టిన గెల్డ్రియా కోట ఆనవాళ్లు, పురావస్తు శాఖ కాపాడుతున్న వాళ్ల శ్మశానం అక్కడ ఉన్నాయి. సరస్సు సముద్రంలో కలిసే చోటు కూడా ఆ దగ్గర్లోనే. పొద్దున వెళితే వలల నుంచి దించుతున్న పీతలు, రొయ్యలు రేవులోనే కొనుక్కోవచ్చు. ఐస్ పెట్టె కారులో వేసుకుని వెళ్లండి.